ఆరోగ్యమ్మ పంటిలో సందు

మా క్లినిక్‌కి వచ్చేవాళ్ళలో నూటికి తొంభైమంది కుర్చీలో వెనక్కి వాలగానే కళ్ళు మూసేసుకుంటారు. ఆరోగ్యమ్మ మూసుకోదు. లైటు మొహం మీదికి తిప్పితే, "కాత్త పక్కకెట్టమ్మా, నువ్వేం చేత్తన్నావో నాకూ కనపడాల గదా" అంటుంది. నోట్లో పెట్టే చిన్న అద్దం తన చేతికి ఇమ్మంటుంది. ఇస్తే తిరిగి ఇవ్వడానికి అరగంట తీసుకుంటుంది. ఆమె వచ్చిన రోజు మిగతా పేషెంట్లందరూ ఆలస్యమే.

నేను హేమశ్రీని. మాది మెట్టకూరు. యానాంలో డాక్టరు శివకుమార్ గారి పళ్ళ క్లినిక్‌లో ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను. డాక్టరు గారికి సామాను అందించడం, నోట్లో ఊరే ఉమ్మిని పీల్చే గొట్టం పట్టుకోవడం, వెళ్ళేటప్పుడు పేషెంట్లకి జాగ్రత్తలు చదివి వినిపించడం నా పని. నాకు ముక్కు మీద కోపం అని మా అమ్మ అంటుంది, డాక్టరు గారూ అంటారు. ఆ మాట ఒప్పుకోవాల్సిన చోటు ముందుముందు వస్తుంది.

ఆరోగ్యమ్మకి యాభై ఎనిమిదేళ్ళు. గోదావరి గట్టు మీద రేకుల షెడ్డులో కూర్చుని వలలు బాగుచేస్తుంది. పదహారో ఏట పట్టుకున్న సూది ఇప్పటిదాకా దింపలేదు. మొద్దులకి తగులుకుని చిరిగిన వలలు, పీతలు కొరికేసిన వలలు పడవల మీద నుంచి నేరుగా ఆ షెడ్డుకి వస్తాయి. ఆమె చెయ్యి పడ్డ వలలో అతుకు ఎక్కడుందో పట్టుకోవడం కష్టమని చెప్పుకుంటారు. కొడుకు జోయల్ ఆటో నడుపుతాడు. ఆమెని క్లినిక్ ముందు దింపి, "మా అమ్మ ప్రశ్నలయ్యాక ఫోన్ చెయ్యండి" అని వెళ్ళిపోతాడు.

వల బాగుచెయ్యడానికి ఇద్దరుండాలి. ఇది నాకు ఆవిడ చెప్పిందే. చిరుగుకి ఈ పక్క ఒకరు, ఆ పక్క ఒకరు పీటలు వేసుకుని ఎదురెదురుగా కూర్చుంటారు. వలని కాలి బొటనవేలికి తగిలించి బిగువుగా లాగి పెట్టుకుంటారు. చెరో పక్క నుంచీ కన్ను తరవాత కన్ను అల్లుకుంటూ వచ్చి చిరుగు మధ్యలో కలుస్తారు. కలిసేసరికి ఇద్దరి మొహాల మధ్యా జానెడు దూరం ఉండదు. ముప్పై ఏళ్ళుగా ఆరోగ్యమ్మకి ఎదురు పీట ఫిలోమినాది. చుట్టరికం ఏమీ లేదు, అయినా ఒకరినొకరు వదినా అనే పిలుచుకుంటారు. నోరు తెరిస్తే మా ఫిలోమినా ఇలా అంది, మా ఫిలోమినా అలా అంది. ఫిలోమినాని నేను చూడకముందే ఆవిడకి కూరలో ఉప్పు ఎక్కువ కావాలని నాకు తెలుసు.

మూడేళ్ళ కిందట ఆరోగ్యమ్మ పై వరసలో కుడివైపు కోరపన్ను నిలువునా చీలిపోయింది. తీసేశాం. "నవ్వితే గుమ్మం తీసినట్టుంది వదినా, కట్టించుకో" అని ఫిలోమినా వెంటపడితే, చీటీ పాడుకుని మరీ ఇంప్లాంట్ వేయించుకోవడానికి వచ్చింది. దవడ ఎముకలోకి టైటానియం మేకు ఒకటి దించుతాం. నాలుగైదు నెలలకి ఎముక దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. అప్పుడు పన్ను తయారుచేసి, సన్నటి స్క్రూతో ఆ మేకుకి బిగిస్తాం. స్క్రూ తిప్పడానికి పన్ను వెనకవైపు ఉన్న చిన్న కన్నాన్ని తెల్లటి మందుతో పూడ్చేస్తాం. పని అంతే.

పన్ను బిగించే రోజున ఆవిడ ఆ ముక్కలు చూస్తానంది. డాక్టరు గారు నమూనా ముక్కలు అరచేతిలో పెట్టారు. అటూ ఇటూ తిప్పి చూసింది. బిగించింది, విప్పింది, మళ్ళీ బిగించింది.

"ఇది రెండు ముక్కలేటండీ డాక్టరు గారూ?"

"అవునమ్మా. మేకు వేరు, పన్ను వేరు."

"రెండు ముక్కలుంటే మద్దెలో సందుంటాది గదండీ?"

"కంటికి కనపడేంత ఉండదమ్మా" అని ఆయన నవ్వారు.

"కంటికి కనపడకపోతే లేనట్టేనా?"

డాక్టరు గారు నావైపు చూశారు. నేను గోడ గడియారం వైపు చూశాను. బయట ఇంకా నలుగురు కూర్చుని ఉన్నారు.

ఆ రోజు ఆమె నోరు కడిగిస్తున్నప్పుడు కోరపన్ను పక్క పంటి అంచున చిన్న గాడి కనిపించింది. వేలు పెట్టి చూస్తే సన్నటి ఆకురాయితో గీసినట్టుంది. బ్రష్షు గట్టిగా తోముతుంది కాబోలు అనుకుని వదిలేశాను. తరవాత జాగ్రత్తలు చదివాను. చెరకు కొరకకూడదు. ఎముకలు కొరకకూడదు. జీళ్ళు, జంతికలు, పచ్చి జామకాయ, ఐసుముక్క, పీతకాళ్ళు, ఇవేవీ ఆ పంటితో కొరకకూడదు. పీతకాళ్ళ దగ్గర ఆవిడ మొహం చిన్నబోయింది. "పీతకాలు కూడానా?" అంది. "కూడానే" అన్నాను. సరేనంది.

ఎనిమిది నెలలకి పన్ను కదులుతోందని వచ్చింది. లోపల స్క్రూ వదులైంది. అప్పుడప్పుడు అలా అవుతుంది, బిగించి పంపాం. అయిదు నెలలకి మళ్ళీ వచ్చింది. మళ్ళీ వదులే. డాక్టరు గారు ఏం కొరుకుతున్నారని అడిగారు. ఏమీ కొరకట్లేదంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. గట్టున పుట్టి పెరిగిన మనిషి పీత తినడం మానేసిందంటే ఎవరు నమ్ముతారు?

"నిజం చెప్పండి పిన్నిగారూ, పీతకాలు కొరికారా లేదా?"

"మరియమ్మ తోడు తల్లీ. పీత మొహం చూసి ఏడాది దాటింది. పులుసెట్టినా ముక్క ఇంట్లోవాళ్ళకేసేసి నేను పులుసే పోసుకుంటన్నాను."

నేను డాక్టరు గారి వైపు తిరిగి, "అందరూ ఇలాగే అంటారండి" అన్నాను. మెల్లగానే అన్నాను గానీ ఆవిడకి వినపడింది.  కుర్చీ దిగి, కొంగు సర్దుకుని, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"కొరకలేదు సరే. కొరక్కుండా ఎలా ఊడిపోతందో అది చెప్పవే మరి. అది మీకు తెలవాల గదా?"

ఆవిడ అబద్ధాలకోరు అన్నట్టు నేను మాట్లాడితే, ఆవిడ తిరిగి నన్నే ప్రశ్న అడిగి వెళ్ళింది. ఆ ప్రశ్నని నేను పట్టించుకోలేదు.

మొన్న దీపావళి వెళ్ళిన వారానికి మూడోసారి వచ్చింది. ఈసారి పన్ను కదలడం గురించి కాదు. నోట్లో తుప్పు పట్టిన మేకు నాకినట్టు రుచి తెలుస్తోందట. డాక్టరు గారు లోపల ఇంకో పేషెంటుతో ఉన్నారు. బల్ల మీద కూర్చోబెట్టి చీటీ రాస్తున్నాను. ఎప్పుడూ లేనిది ఆవిడ మాట్లాడకుండా కూర్చుంది. ఉండబట్టలేక నేనే అడిగాను.

"ఏంటి పిన్నిగారూ, ఫిలోమినా గారు బాగున్నారా?"

ఆ పేరు వినగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పీట మార్చేసిందమ్మా. నెల్లాళ్ళయ్యింది. ఎండ పడతంది వదినా అని ఆ మూలకెల్లి ఆగ్నెస్ ఎదురుగుండా కూకుంది. రేకుల కింద ఎండేటే? నాకు ఎదురు ఎవరూ లేరు. వలని మేకుకి తగిలించుకుని ఒక్కదాన్నే అల్లుకుంటన్నాను. నేనేటన్నానో, ఎక్కడ నొచ్చుకుందో ఎంత ఆలోచించినా తెలవట్లేదు. అడిగితే ఏటీ లేదంటంది. ముప్పై ఏళ్ళు మొహం మీద మొహం ఎట్టి కూకున్నాం. ఏటీ లేకుండా ఎందుకు లేచెల్లిపోద్ది?"

అలా అంటూ నావైపు వంగింది. అప్పుడు నాకు వాసన తగిలింది.

ఆరేళ్ళుగా నోళ్ళ మధ్య బతుకుతున్నాను. వాసన నాకు కొత్త కాదు. రాత్రి తిన్న ఉల్లిపాయ వాసన వేరు, పుచ్చిపోయిన పంటి వాసన వేరు, పళ్ళు తోమని నోటి వాసన వేరు. ఇది వాటిలో ఏదీ కాదు. మూత బిగించి మరిచిపోయిన డబ్బా తీసినప్పటి వాసన. ఆవిడ పళ్ళు చూస్తే ముత్యాల్లా తోమి ఉన్నాయి. ఇక ఎదురు పీట ఎందుకు ఖాళీ అయిందో నాకు తెలిసిపోయింది. చెప్పాలా వద్దా అని కాసేపు కలం కొరుక్కున్నాను. ఫిలోమినా చెప్పలేనిది నేను చెప్పాల్సి వచ్చింది. చాలా బాధేసింది.

"పిన్నిగారూ, మీ నోట్లోంచి వాసన వస్తోందండి. మీకు తెలియట్లేదు. అది మీ తప్పు కాదు."

ఆవిడ చెయ్యి టక్కున నోటికి అడ్డం వెళ్ళింది.  ఏడుస్తుందేమో అనుకున్నాను. వేళ్ళ సందులోంచి మాట వచ్చింది.

"ఎక్కణ్ణించి వత్తంది?"

డాక్టరు గారు ఆ రోజు పన్ను వెనక పూడిక తీసి స్క్రూ విప్పారు. తిప్పీ తిప్పకుండానే స్క్రూ వదులుగా వచ్చేసింది. పన్ను బయటికి తీశారో లేదో, గది అంతా ఆ వాసనే. ఫ్యాను వేశాను. మేకు లోపల బోలుగా ఉంటుంది, స్క్రూ వెళ్ళే చోటు. అందులోకి సన్నటి దూది పుల్ల పెట్టి తిప్పితే నల్లటి జిగురు అంటుకుని వచ్చింది. ఆరోగ్యమ్మ అద్దం అడగలేదు. దూది పుల్లే అడిగింది. దగ్గరగా పెట్టుకుని వాసన చూసి మొహం చిట్లించింది.

"అయ్ బాబోయ్! ఇదా ఫిలోమినా భరించింది!"

తరవాత డాక్టరు గారిని కూర్చోబెట్టినంత పని చేసింది. "బయట రోజుకి మూడుసార్లు తోముతన్నాను. లోపలికి ఎలా ఎల్లిందండీ ఇది?"

"మీరు ఆ రోజే అడిగారమ్మా, సందుంటుంది కదా అని. ఉంటుంది. ఏ కంపెనీ మేకుకైనా, ఎంత బాగా చేసినా, పన్నూ మేకూ కలిసే చోట ఎంతో కొంత సందు ఉంటుంది. నోట్లో సూక్ష్మజీవులుంటాయి. అవి అందులోంచి లోపలికి వెళ్ళి కాపురం పెడతాయి. లోపల బ్రష్షు పోదు, నీళ్ళు పోవు. అవి పెరిగి, కుళ్ళి, మళ్ళీ అదే సందులోంచి బయటికి కారతాయి."

"సందెంత? ఆ పురుగెంత?"

వల మనిషి అడగాల్సిన ప్రశ్నే అది. ఏ వల చూసినా ఆవిడ ముందు చూసేది కన్ను ఎంత, చేప ఎంత అని. డాక్టరు గారు నా జడలోంచి ఊడిన వెంట్రుక ఒకటి నా భుజం మీద నుంచి తీసి ఆవిడకి చూపించారు.

"ఈ వెంట్రుక మందాన్ని పది భాగాలు చేస్తే అందులో ఒక భాగం అనుకోండి సందు. ఆ సందులోంచి పురుగులు పది పక్కపక్కనే నడిచి వెళ్ళిపోవచ్చు. స్క్రూ వదులైతే సందు ఇంకా పెద్దది."

ఆవిడ వెంట్రుకని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసింది.

"అయితే అయ్యి చీరమేను లాంటియ్యన్నమాట."

చీరమేను అంటే మా గోదావరిలో దీపావళి రోజుల్లోనే దొరికే చేపపిల్ల. గింజంత ఉంటుంది. గ్లాసులతో కొలిచి అమ్ముతారు. ఏ వల వేసినా కళ్ళలోంచి జారిపోతుంది కాబట్టి చీర పరిచి పడతారు.

"అంతేనమ్మా" అన్నారు డాక్టరు గారు. "కాకపోతే వీటికి పట్టే చీర ఇంకా ఎవరూ నెయ్యలేదు."

"మరి అందరి పళ్ళూ కంపు కొట్టాల గదండీ?"

ఈ ప్రశ్నకి ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్నారు. ఆయనకీ ఉత్సాహం వచ్చిందని నాకు తెలిసింది. గట్టిగా బిగించి ఉన్నంతకాలం సందు సన్నగా ఉంటుంది, వెళ్ళేవి కొన్నే, చుట్టూ ఉన్న చిగుళ్ళు వాటిని అడ్డుకుంటాయి అని చెప్పారు. స్క్రూ వదులైతే పన్ను కదిలిన ప్రతిసారీ సందు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. తెరుచుకున్నప్పుడు ఉమ్మిని లోపలికి లాగుతుంది, మూసుకున్నప్పుడు బయటికి తోస్తుంది. చేతిపంపు కొట్టినట్టే.

"మీ విషయంలో తెలియనిది ఒక్కటే" అన్నారు. "మూడుసార్లు ఎందుకు వదులైందో నాకు అంతుపట్టట్లేదు."

ఎక్స్‌రే తీశాం. మేకు చుట్టూ ఎముక పైఅంచు కొంచెం తగ్గింది. డాక్టరు గారు దాచలేదు. లోపలంతా మందుతో కడిగి, కొత్త స్క్రూ వేసి, లోపల మందు పూసి బిగిస్తానన్నారు. ఇంకోసారి వదులైతే ఎముక ఇంకా దిగిపోతుందనీ, అప్పుడు మేకు తీసెయ్యడమేననీ, తీసేశాక అక్కడ మళ్ళీ వేయడానికి ఎముక మిగలకపోవచ్చనీ చెప్పారు.

ఆరోగ్యమ్మ తల ఊపింది. "పన్ను పోతే పోయిందిలెండి, సందుతోనే నవ్వుతాను. వాసన తిరిగొత్తే మాత్రం ఫిలోమినా తిరిగిరాదు" అంది. ఆ రోజే పన్ను బిగించి పంపాం.

ఆ రాత్రి  ఆవిడ గుమ్మంలో నిలబడి అడిగిన ప్రశ్న నా చెవిలో తిరుగుతూనే ఉంది. కొరక్కుండా ఎలా ఊడిపోతుంది? అబద్ధం చెబుతోందని తేల్చేసుకుని నేను ఆ ప్రశ్న మూసేశాను. మూడు రోజులు ఆగి, మధ్యాహ్నం క్లినిక్ మూసే వేళ, స్టీలు డబ్బా చేతపట్టుకుని గట్టుకి బయల్దేరాను. ఎవరైనా అడిగితే చీరమేను కోసం వచ్చానని చెప్పొచ్చు. నిజానికి ఆవిడ దాచుకుని ఏం తింటోందో పట్టుకుందామనే వెళ్ళాను. నా బుద్ధి అప్పటికి అంతే.

షెడ్డులో ఏడుగురు ఆడవాళ్ళున్నారు. మూల ఇద్దరు ఎదురెదురుగా కూర్చున్నారు. వాళ్ళలో పొట్టిగా, బొట్టులేని పెద్ద నుదురుతో, మెళ్ళో జపమాలతో ఉన్నావిడ ఫిలోమినా అని ఎవరూ చెప్పకుండానే పోల్చుకున్నాను. ఆవిడ మాటిమాటికీ ఇటువైపే చూస్తోంది. ఇటువైపు ఆరోగ్యమ్మ ఒక్కతే, వలని మేకుకి తగిలించుకుని కూర్చుంది. నేను స్తంభం వెనక నిలబడ్డాను.

సూది రెండుసార్లు తిరిగింది, ముడి పడింది. ఆవిడ దారం కొసని పైకెత్తింది. కుడివైపు కోరపన్నుకి చుట్టి, కరిచి పట్టుకుని, మెడంతా పక్కకి విసురుగా లాగింది. ముడి బిగిసింది. మరో విసురు. దారం ఫట్‌మని తెగింది. కొసని ఉమ్మేసి మళ్ళీ సూది తిప్పింది. తరవాత చిరుగు అంచున వేలాడే పాత దారం ముక్కలు ఒక్కొక్కటీ పంటికి పెట్టి ఫట్, ఫట్, ఫట్. నేను చూస్తుండగానే పదకొండు.

"ఓరి దేవుడా! ఏం చేస్తున్నారు పిన్నిగారూ!" అని నేను అరిచిన అరుపుకి గట్టు మీద కుక్కలు లేచాయి.

ఆరోగ్యమ్మ నోట్లో దారంతోనే నావైపు చూసింది.

"ఏటే, ఏటయ్యింది?"

"ఆ పంటితో కొరకొద్దని చెప్పానా లేదా?"

"కొరకట్లేదు గదే! ఇది తిండా? దారం గదా!"

 చెరకు, ఎముకలు, జీళ్ళు, జంతికలు, జామకాయ, ఐసుముక్క, పీతకాళ్ళు. నేను చదివిన పట్టీలో ఉన్నవన్నీ తిండి వస్తువులే. ఆవిడ పట్టీని అక్షరం పొల్లుపోకుండా పాటించింది. ఇష్టమైన పీతకాళ్ళు మానేసింది. రోజుకి వందసార్లు నైలాన్ దారాన్ని అదే పంటికి చుట్టి పక్కకి గుంజింది. అది తినడం కాదు, ఆవిడ పని. సూది పట్టడం ఎంతో పంటితో తెంపడం అంతే. దాన్ని గురించి ఎవరైనా అడుగుతారని ఆవిడకి తట్టదు, అడగాలని నాకూ తట్టలేదు. ఆవిడ పక్క పంటి మీద గాడి నేను కళ్ళారా చూశాను. దాని మీద వేలు కూడా పెట్టాను.

"చాకు లేదా?" అన్నాను నీరసంగా.

"చాకు తీసి, కోసి, కిందెట్టి, మళ్ళీ సూది తీసేలోపు మూడు ముడులు పడిపోతాయి" అంది ఆగ్నెస్. అందరూ అవునవునన్నారు.

"ఏదీ, మీరందరూ నోళ్ళు తెరవండి" అన్నాను.

నవ్వుకుంటూనే తెరిచారు. ఫోను లైటు వేసి ఒక్కొక్కరి నోట్లో చూశాను. ఏడుగురికీ గాడులున్నాయి. కుడిచేతి వాళ్ళకి కుడివైపు, ఆగ్నెస్‌ది ఎడమచెయ్యి కాబట్టి ఎడమవైపు. ఆ గాడుల్లో నైలాన్ దారం సరిగ్గా సరిపోతుందని వాళ్ళే పెట్టి చూపించారు. డాక్టరు గారికి అంతుపట్టనిది షెడ్డు నిండా ఉంది. అంత కోపంలోనూ నాకు ఆశ్చర్యంగా అనిపించింది.

నేను ఆరోగ్యమ్మ పక్కన కింద కూర్చున్నాను. అందరి ముందూ చెప్పాను. "పిన్నిగారూ, నేను మిమ్మల్ని అబద్ధాలాడుతున్నారనుకున్నాను. తప్పు నాది. నన్ను క్షమించండి. ఆ వాసన మీరు శుభ్రంగా లేక వచ్చింది కాదు. ఈ దారం లాగుడుకి లోపల స్క్రూ వదులై, సందులోంచి ఉమ్మి లోపలికి పోయి కుళ్ళింది."

వాసన అనే మాట నా నోట్లోంచి వచ్చాక గానీ ఏం చేశానో తెలియలేదు.  అందరికీ తెలిసిన మాటే, ఎవరూ అనని మాట. మూల ఫిలోమినా సూది ఆపేసింది.

"నీకు తెలుసా వదినా?" అంది ఆరోగ్యమ్మ, ఆవిడ వైపు తిరక్కుండానే.

ఫిలోమినా సూది ఒళ్ళో పెట్టుకుంది. తరవాత అంది, "కట్టించుకో కట్టించుకో అని నీ పేణం తీసింది నేనే గదా. ఆ పన్నే కంపు కొడతందని ఏ మొహం ఎట్టుకుని చెప్పను?"

"వాసనొత్తందని కాదే నా ఏడుపు" అంది ఆరోగ్యమ్మ.  "నువ్వు చెప్పలేదని. ఎవరో పరాయి పిల్ల చెప్పింది. నువ్వు చెప్పాల గదా."

ఫిలోమినా కొంగుతో మొహం కప్పుకుంది. నేను డబ్బా తీసుకుని లేచి వచ్చేశాను. చీరమేను కొనడం మరిచిపోయాను.

తరవాత కష్టం ఆరోగ్యమ్మది. నలభై ఏళ్ళుగా తిరిగిన చెయ్యి మాట వినదు. మెళ్ళో తాడుకి గోళ్ళు తీసుకునే కట్టరు కట్టుకుంది. కట్టరు ఉందని చేతికి గుర్తుండాలి కదా. దారం కొసలకి వేపనూనె రాసింది, రెండు రోజుల్లో నాలిక అలవాటుపడిపోయింది. కరోనా నాటి మాస్కు వెతికి పెట్టుకుంది, అదీ పనిచేసింది గానీ మాట్లాడడానికి ఆవిడ మాటిమాటికీ దాన్ని గడ్డం కిందికి లాగేసేది. రోజూ సాయంత్రం ఫోన్ చేసి లెక్క చెప్పేది. ఇయ్యాల తొమ్మిదిసార్లు. ఇయ్యాల ఆరు. ఒక్కోసారి ఫట్‌మన్నాక గానీ తెలవదే అని బాధపడేది. స్క్రూ మళ్ళీ వదులు కావడానికి ఆ ఆరూ చాలని నాకూ డాక్టరు గారికీ భయం. పదో రోజు తరవాత ఫోన్ రావడం మానేసింది. నేను చేస్తే జోయల్ ఎత్తి, "బాగానే ఉందండి, పనిలో ఉంది" అన్నాడు.

మూడు నెలలకి చూపించుకోవడానికి వచ్చింది. డాక్టరు గారు పన్నుని వేలితో కదిపారు. రాయిలా ఉంది. ఎక్స్‌రేలో ఎముక ఎక్కడుందో అక్కడే ఉంది. నేను దగ్గరగా వంగి చూశాను. ఏ వాసనా లేదు.

"ఎలా మానేశారు పిన్నిగారూ?"

"నేనెక్కడ మానేశాను? చెయ్యి ఇప్పటికీ ఎల్తానే ఉంది. వచ్చి చూడు" అంది.

చూడాలనిపించింది. మర్నాడు పొద్దున్నే, క్లినిక్ తెరవక ముందు వెళ్ళాను. అప్పుడే అందరూ పీటలు వేసుకుంటున్నారు. ఆరోగ్యమ్మ ఎదురు పీట మీద ఫిలోమినా కూర్చుంటోంది. గోళ్ళ కట్టరు ఇప్పుడు ఫిలోమినా మెళ్ళో జపమాల పక్కన వేలాడుతోంది. ఆరోగ్యమ్మ దారం పైకెత్తిన ప్రతిసారీ అది నోటి దాకా వెళ్ళేలోపు ఫిలోమినా వంగి కత్తిరించేస్తుందట. ఎప్పుడైనా ఆలస్యమైతే వేళ్ళ మీద సూదితో ఒక్కటి వేస్తుందట. ఇదంతా ఆగ్నెస్ నాకు చెప్పింది. "ఒకరి పనికి ఇద్దరి చేతులు" అని మూతి విరిచింది. తన ఎదురు పీట ఇప్పుడు ఖాళీ మరి.

పని మొదలుపెట్టే ముందు ఇద్దరూ ఒక పని చేశారు. ఆరోగ్యమ్మ వల పక్కన పెట్టి ముందుకి వంగి, నోరు పెద్దగా తెరిచి, ఫిలోమినా మొహం మీదికి హా అని ఊపిరి వదిలింది. ఫిలోమినా కళ్ళు మూసుకుని, ముక్కు దగ్గరగా పెట్టి, నిదానంగా పీల్చింది. నాకు మా డాక్టరు గారు గుర్తొచ్చారు. ఆయన కూడా ఇంత శ్రద్ధగా ఎవరి నోరూ చూడరు.

"రోజూ ఇంతేనా?" అన్నాను ఆగ్నెస్‌తో.

"రోజూ ఇంతే. మొన్నోరోజు వాసన ఉందంది ఫిలోమినా. ఆరోగ్యమ్మ అక్కణ్ణించే జోయల్ ఆటో ఎక్కేసి మీ దగ్గరికి బయల్దేరింది. సగం దారిలో గుర్తొచ్చింది, పొద్దున్న ఎండురొయ్యలు తిన్నానని."

ఫిలోమినా కళ్ళు తెరిచింది. ఆరోగ్యమ్మ నోరు తెరుచుకునే ఉంది, ఊపిరి బిగబట్టి ఆవిడ మొహంలోకే చూస్తోంది.

"ఏటీ లేదు వదినా" అంది ఫిలోమినా. "కూకో."